మూడు మంచాల తోట

మొన్న ఆదివారం అనకాపల్లి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మేడ మీద కూరగాయల తోట మొదలెడదామనుకుంటున్నాను. ముందు ఏం కొనాలి?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే తనే కుండీలు, కొబ్బరి పొట్టు, విత్తనాలు, గ్రీన్ నెట్ అంటూ జాబితా చదవడం మొదలెట్టింది.

"ఏమీ కొనకు. మీ ఇంట్లో రోజుకి ఎన్ని బిందెల నీళ్ళు తూములోకి పోతున్నాయో వారం రోజులు లెక్కపెట్టి, అప్పుడు ఫోన్ చెయ్యి" అన్నాను.

కాసేపు అవతల నుంచి మాట లేదు. "నా మీద ఏమైనా కోపమా అక్కా?" అంది చివరికి.

దాని మీద నాకెందుకు కోపం? ఆ లెక్క నేను వేసుకోవలసినప్పుడు వేసుకోలేదు. అది వేసుకునేలోపు మా పెరట్లో నుయ్యి ఉప్పెక్కిపోయింది, పక్కింటి వదినతో మాటలు పోయాయి. ఇంతకాలం ఈ బ్లాగులో నా పచ్చళ్ళ గురించీ, మా అమ్మాయి హాస్టల్ కబుర్ల గురించీ రాశాను గానీ ఈ సంగతి రాయలేదు. రాయడానికి మొహం చెల్లక రాయలేదు. చెల్లెలికి ఫోన్లో చెప్పలేనిది మీ అందరికీ చెబుతున్నాను, చిత్రంగా లేదూ?

మాది రాంబిల్లి. సముద్రం ఒడ్డు మండలం. శారదా నది మా మండలం దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఎగువన అనకాపల్లి వైపు చెరుకు తోటల్ని తడిపిన నది, మా దాకా వచ్చేసరికి ఆటుపోట్లకి ఉప్పుకయ్యలా అయిపోతుంది. చుట్టూ చూస్తే నీళ్ళే. నోట్లో పోసుకోవడానికి మాత్రం కుళాయి కోసం ఎదురు చూడాలి. దానికి తోడు మా పెరడు ఇసక నేల. కొబ్బరికీ సరుగుడుకీ బాగానే ఉంటుంది గానీ, వంగమొక్క మొదట్లో చెంబెడు నీళ్ళు పోస్తే, చెంబు కింద పెట్టేలోపే ఇంకిపోతాయి.

2002లో నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి పెరట్లో మా అత్తయ్య తోట ఉండేది. తోట అంటే నవ్వుతారు. అంట్లు తోమే బండ దగ్గర నుంచి నీళ్ళు పారే దారిలో రెండు అరటి పిలకలు, నాలుగు చేమ దుబ్బులు, ఒక మడి గోంగూర, నూతి పక్కన కరివేపాకు చెట్టు, గోడవారగా ఒక మునగ. అంతే. అన్నిటికీ వాడిన నీళ్ళే. నూతిలోంచి చేదతో తోడిన నీళ్ళు ఇంటికే గానీ మొక్కకి నేరుగా పోయడం నేను చూడలేదు. నేనేమో తెలుగు బి.ఏ. చదివి, కావ్యాల్లో ఉద్యానవన వర్ణనలు బట్టీ పట్టి వచ్చినదాన్ని. ఇంత పెరడు పెట్టుకుని ఈ నాలుగు మొక్కలేమిటి అనుకునేదాన్ని.

2012లో నూతికి అర హార్స్ పవర్ మోటారు పెట్టించారు మావారు. నాకు రెక్కలొచ్చినట్టయింది. రెండు సెంట్ల పెరడంతా మళ్ళు కట్టాను. ఎలమంచిలి వెళ్ళి విత్తనాలు తెచ్చాను. వంగ, బెండ, టమాటా, మిరప, గోరుచిక్కుడు, చిక్కుడు, బీర, ఆనప, పొట్ల, దోస. ఏదీ వదల్లేదు. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట మోటారు వేసి పైపుతో తడిపేదాన్ని. ఇసక నేల కదా, ఎంత పోస్తే అంత తాగేది. నాకేమో అది తాగుతుంటే పిల్లకి అన్నం పెడుతున్నంత తృప్తి.

పంట బాగానే వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? సంక్రాంతికి పుట్టింటికి వెళ్తూ సంచి నిండా చిక్కుడుకాయలు, లేత వంకాయలు పట్టుకెళ్తే, "మా పిల్ల పండించింది" అని మా నాన్న వీధంతా చెప్పుకున్నారు. అత్తయ్య మాత్రం నూతి గట్టు మీద కూర్చుని మోటారు చప్పుడు వింటూ ఒకరోజు అన్నారు: "పిల్లా, నుయ్యంటే ఆవులాంటిదే. దూడకి ఉంచి పితకాల. నువ్వు పొద్దూ మాపూ ఆకరి సుక్క దాకా లాగేస్తన్నావు. అదెన్నాళ్ళిస్తాది?"

పెద్దావిడ కదా, మోటారంటే భయం అనుకున్నాను.

ముందు తెలిసింది చిక్కుడు పాదుకి. 2016 చలికాలంలో ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి కాలినట్టు అయిపోయాయి. తెగులనుకుని వేపనూనె కొట్టాను. తగ్గలేదు. చిక్కుడు జాతికి ఉప్పు అసలు గిట్టదని అప్పటికి నాకు తెలియదు. పాలకూర, బీట్‌రూట్ లాంటివి కొంత తట్టుకుంటాయి. చిక్కుడు, బీన్స్ మాత్రం అందరికంటే ముందు పడిపోతాయి. ఆ తరవాత మళ్ళ గట్ల మీద మధ్యాహ్నానికి తెల్లటి పొర కనిపించడం మొదలైంది. 2017 వేసవికి వంటింట్లోకీ వచ్చింది. కందిపప్పు మూడు కూతలకి ఉడకాల్సింది ఆరు కూతలకీ పలుకుగానే ఉండేది. బట్టల సబ్బు నురగ రాలేదు. ఒకరోజు అత్తయ్య నూతి నీళ్ళు దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని, ఊసేసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ ఏదైనా అని ఉంటే బాగుండేది.

మా వీధిలో నాది ఒక్కటే మోటారు కాదు. చుట్టుపక్కల చాలా నూతులకీ బోర్లకీ మోటార్లు ఉన్నాయి. పాపమంతా నాదే అని నెత్తిన వేసుకోను. కానీ మా నూతిలోంచి పొద్దూ మాపూ నీళ్ళు లాగింది మాత్రం నేనే. తాగడానికీ కాదు, వండుకోవడానికీ కాదు. పదిరకాల పాదులు నాకు సరదా కాబట్టి.

అక్కడితో ఆగానా? లేదు. తోట చచ్చిపోతుంటే చూడలేక వీధి కుళాయి మీద పడ్డాను.

2019 వేసవి. కుళాయి రోజు మార్చి రోజు వచ్చేది, అదీ గంటసేపు. మా కుళాయి దగ్గర ఇంటికి పది బిందెలని ఆడవాళ్ళం మాలో మేమే కట్టు పెట్టుకున్నాం. నేను నా పది పట్టుకున్నాక, చివర్లో అందరూ వెళ్ళాక సన్నగా వచ్చే ధారకి బిందె పెట్టి, ఇంకో మూడు నాలుగు బిందెలు మోసి వంగమొక్కలకి పోసేదాన్ని. ఎలాగూ వదిలేస్తే పోయే నీళ్ళే కదా అని నా సమర్థన. కుళాయి కింద మిగిలిన సన్న ధార అవతలి వీధి వాళ్ళకి వెళ్ళాల్సిన నీళ్ళని నాకు తెలియక కాదు, తెలుసుకోవాలనిపించక.

ఒకరోజు పక్కింటి వదిన వాళ్ళింట్లో చుట్టాలు దిగారు. ఆవిడ పదకొండో బిందె పెడితే ఎవరో కట్టు గుర్తు చేశారు. ఆవిడ బిందె తీసేసింది. తీసేస్తూ, నన్ను చూడకుండా, పక్కావిడతో అంది: "మడుసులకి పదే బిందెలు. వదినగారి వంకాయలకి మాత్రం లెక్క నేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే గొడవ పడేదాన్ని. నేను బిందె ఎత్తుకుని ఇంటికొచ్చేశాను. ఆ సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోయలేదు. మర్నాడూ పోయలేదు. వారానికి వంగమొక్కలు ఎండిపోయాయి. ఆ ఎండు పుల్లలు పీకుతుంటే ఏడుపొచ్చింది. మొక్కల కోసం కాదని నాకు తెలుసు.

ఆ వేసవి సెలవులకి మా అమ్మాయి ఇంటికొచ్చింది. అప్పుడు సివిల్ డిప్లొమా చదువుతోంది. నుయ్యి ఎందుకు ఉప్పెక్కిందో కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో భూమి కింద వాన నీళ్ళు, సముద్రపు నీళ్ళు రెండూ ఉంటాయట. వాన నీళ్ళు తేలిక కాబట్టి పైన తేలుతాయి. పాల మీద మీగడ అనుకోండి. పైనుంచి నెమ్మదిగా చేదతో తీసుకుంటే మీగడే వస్తుంది. మోటారుతో ఒక్కసారి గుంజితే కింద ఉన్నది పైకి ఎగదన్నుకొస్తుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టం పైన ఒక అడుగు మంచినీళ్ళుంటే కింద సుమారు నలభై అడుగులుంటాయట. పైన ఆ ఒక్క అడుగు తగ్గితే కింద నలభై అడుగుల మేర ఉప్పునీరు పైకి జరుగుతుందన్నమాట. ఒకటికి నలభై! ఈ లెక్కని నూరేళ్ళకి పైగా కిందటే నెదర్లాండ్స్‌లో ఒకాయన, జర్మనీలో ఒకాయన విడివిడిగా కనిపెట్టారని చెప్పింది.

నేను నూతి గట్టు మీద కూర్చున్న అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నెదర్లాండ్స్ పేరు విని ఉండరు. ఆవు, దూడ అని చెప్పారు. నేను వినలేదు.

మావారితో చెప్పి మోటారు విప్పించాను. చేద మళ్ళీ వేశాం. ఆ తరవాత ఒక నోటు పుస్తకం తీసి, పాల లెక్క రాసుకున్నట్టు నీళ్ళ లెక్క రాయడం మొదలెట్టాను.

ముందు పాత తోట లెక్క. మన ఎండకి కూరగాయల మడి చదరపు మీటరుకి రోజుకి సుమారు 5 లీటర్లు తాగుతుంది. మే నెలలో ఇంకా ఎక్కువే. రెండు సెంట్లంటే సుమారు 80 చదరపు మీటర్లు. అంటే రోజుకి 400 లీటర్లు. ఇసకలోకి వృథాగా దిగిపోయింది వేరే. పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు కుళాయి నీళ్ళు ఇవ్వాలని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లక్ష్యం. ఆ లెక్కన నా తోట రోజుకి ఏడుగురు మనుషుల నీళ్ళు తాగేది. ఇంట్లో మేం నలుగురం. పెరట్లో ఇంకో ఏడుగురు! వదిన అన్న మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది. నిజానికి ఆవిడ తగ్గించే చెప్పింది.

తరవాత, పారబోసే నీళ్ళ లెక్క. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్ళు కలిపి రోజుకి ఒక బిందె. అంట్లు తోమాక రెండోసారి తొలిచిన నీళ్ళు ఇంకో బిందె. మా బిందె పన్నెండు లీటర్లు. అంటే వంటింట్లోంచి 24 లీటర్లు. చదరపు మీటరుకి 5 చొప్పున, ఆ నీళ్ళు దగ్గర దగ్గర 5 చదరపు మీటర్లకి సరిపోతాయి. 5 చదరపు మీటర్లంటే ఎంతో నాకు తెలియలేదు. పెరట్లోకి నవారు మంచం లాక్కొచ్చి వేసి చూశాను. ఆరడుగులు పొడవు, మూడడుగులు వెడల్పు. అలాంటివి మూడు మంచాలు.

అదీ నా తోట. ఎనభై చదరపు మీటర్ల మహారాణికి మూడు మంచాల రాజ్యం మిగిలింది.

స్నానాల నీళ్ళు ఇంకో నాలుగు బకెట్లుంటాయి. సబ్బు కలిసిన ఆ నీళ్ళు ఆకుకూరలకి పోయకూడదు. వాటిని అరటికీ, కొబ్బరికీ, మునగకీ కాలవ తీసి వదిలాం. ఒకే చెట్టు కింద రోజూ పోయకుండా కాలవకి అడ్డు మార్చుకుంటూ ఉంటాను. పౌడరుతో బట్టలుతికిన నీళ్ళు మాత్రం దేనికీ వద్దు. వాటిలో సోడియం ఎక్కువ. నూతి ఉప్పుతో బుద్ధొచ్చినదాన్ని, ఉప్పుని మళ్ళీ చేత్తో పోసుకోను. ఇంకొక మాట. వాడిన నీళ్ళు ఏ రోజువి ఆ రోజే పోసెయ్యాలి. గోలెంలో దాచానా, రెండో రోజుకి కంపు, నాలుగో రోజుకి దోమపిల్లలు.

మూడు మంచాల్లో ఏం వెయ్యాలి? ఇక్కడ నా పాత అలవాటు చాలా ఏడిపించింది. పది రకాలూ కావాలంటుంది మనసు. చివరికి ఒక నియమం పెట్టుకున్నాను. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యాబేజీ బజార్లో దొరుకుతాయి, నాలుగు రోజులు నిలవుంటాయి కూడా. వాటి జోలికి పోను. కోసిన గంటకి వడిలిపోయేవి, గుప్పెడే కావలసినవి, వాటికే నా నీళ్ళు. తోటకూర, గోంగూర, బచ్చలి, కొత్తిమీర, పచ్చిమిరప, నాలుగు వంగమొక్కలు, ఒక దొండపాదు. దొండపాదు ఒకసారి పట్టుకుంటే ఏళ్ళ తరబడి కాస్తుంది, అడిగేది తక్కువ. బచ్చలి కూడా అంతే. మంచం జాగా నేల మీదే. పందిరి మీదికి ఎక్కించేస్తే పైన ఎంత పాకినా అడిగేవాళ్ళు లేరు.

నేల సంగతి. ఇసకకి నీళ్ళు ఆపే గుణం లేదు కాబట్టి అది మనం కొనిపెట్టాలి. మూడు మంచాల మేర జానెడున్నర లోతు తవ్వి, చెరువు మట్టి, బాగా చివికిన గత్తం, ఎండుటాకులు కలిపి పూడ్చాం. పైన కొబ్బరి పీచు, కోసిన గడ్డి, వేరుశనగ తొక్క ఏది దొరికితే అది రెండు మూడు అంగుళాలు పరిచాను. ప్రకృతి వ్యవసాయం చేసే ఆడవాళ్ళు మా డ్వాక్రా సంఘం సమావేశంలో ఒక మాట చెప్పారు, నేలకి బట్ట కప్పి ఉంచాలని. ఎండలో బట్ట లేకుండా మనం నిలబడగలమా? నేలా అంతే. ఆ కప్పు వేశాక పొద్దున్న పోసిన తడి మర్నాటి దాకా చేతికి తగులుతోంది. ఏప్రిల్, మే నెలల్లో పైన తాటాకులు అడ్డం కడతాను.

వేలు గుచ్చి చూడడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. మధ్యాహ్నం పూట ఆకులు వాలిపోతే మనకి కంగారు పుట్టి చెంబు అందుకుంటాం. సాయంత్రానికి అవే లేచి నిలబడతాయి. ఎండకి ముడుచుకోవడం వేరు, దాహం వేరు. నడిమి వేలు రెండు కణుపుల లోతు గుచ్చితే లోపల తడి తగిలిందా, ఆ రోజుకి నీళ్ళు వద్దు. పాత తోటలో వేలు గుచ్చి చూసి ఉంటే సగం నీళ్ళు నూతిలోనే ఉండేవి.

కుండల ముచ్చట చెప్పాలి. వేసవిలో తాగే నీళ్ళకి వాడి, చల్లదనం తగ్గిపోయిన పాత మట్టికుండల్ని మెడ దాకా నేలలో పాతి, నీళ్ళు నింపి, పైన మూకుడు బోర్లించాను. కుండ గోడల్లోంచి తడి కొంచెం కొంచెంగా ఊరుతుంది. నేల ఎండితే ఎక్కువ ఊరుతుంది, తడిగా ఉంటే ఆగుతుంది. చుట్టూ నాలుగు మొక్కలు వేస్తే వేళ్ళు వెతుక్కుంటూ వచ్చి కుండని కౌగిలించుకుంటాయి. ఇది కొత్త తెలివేమీ కాదు. చైనాలో రెండు వేల ఏళ్ళ కిందట ఫాన్ షెంగ్‌జీ అనే ఆయన రాసిన వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉందట. ఆయన ఒక్క మాట రాయలేదేమో గానీ నేను రాస్తాను: కుండలో బియ్యం కడుగు పొయ్యకండి. నేను పోశాను. గంజి పట్టి కుండ రంధ్రాలు మూసుకుపోయాయి, పెరడంతా పులిసిన వాసన. ఆ కుండలు రెండూ తవ్వి పారేశాను. కుండల్లోకి కూరలు కడిగిన తేట నీళ్ళే పోయాలి. కడుగు మొక్క మొదట్లోకి.

ఇక వాన. మా డాబా ఆరు వందల చదరపు అడుగులు. అంటే దగ్గర దగ్గర 55 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. పది మిల్లీమీటర్ల మామూలు వానకి డాబా మీద 550 లీటర్లు, మా బిందెలతో నలభై అయిదు బిందెలు! ఇన్నేళ్ళూ అదంతా చూరుగొట్టంలోంచి వీధి కాలవలోకి పోయింది. 2000లో 'నీరు-మీరు' కార్యక్రమం వచ్చినప్పుడు ఊరూరా ఇంకుడు గుంతల గురించి చెప్పారు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను, దాని మీద వ్యాసరచన పోటీలో బహుమతి కూడా వచ్చింది. గుంత మాత్రం 2019లో తవ్వించాను. వ్యాసానికీ గుంతకీ మధ్య పందొమ్మిదేళ్ళు. డాబా నీళ్ళు ఒక గొట్టంతో నూతికి నాలుగు గజాల దూరంలో, రాళ్ళూ ఇసకా నింపిన గుంతలోకి దిగుతాయి. పైన తేలే మీగడకి అవి మళ్ళీ చేరాలని ఆశ.

చేరాయా? పూర్తిగా కాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వానలు పడ్డాక, అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా, మా నూతి నీళ్ళతో పప్పు ఉడుకుతోంది. శివరాత్రి దాటాక మళ్ళీ ఉప్పదనం తగులుతుంది. చుట్టుపక్కల మోటార్లు నడుస్తూనే ఉన్నాయి. పైగా నేను అయిదేళ్ళలో పాడుచేసింది అయిదేళ్ళలో బాగవ్వాలని ఎక్కడా రాసిలేదు. అత్తయ్య మాత్రం ప్రతి దీపావళికీ దోసిట్లో నీళ్ళు పట్టి రుచి చూస్తారు. నిరుడు గుటక వేశారు. "పరవానేదు" అన్నారు. ఏ పోటీ బహుమతీ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

తోట వల్ల డబ్బు మిగిలిందా అని అడిగితే, పెద్దగా లేదు. టమాటా ధర వంద దాటినప్పుడు మేమూ అందరిలాగే చింతపండు పులుసు చేసుకున్నాం. వారానికి నాలుగు రోజులు ఆకుకూర, పచ్చిమిరప, కరివేపాకు, కొత్తిమీర కొనక్కర్లేదు. మునగ మాకూ వీధికీ సరిపోతుంది. ఆ మునగ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి కూలిపోయిన చెట్టు కొమ్మే. గుచ్చితే బతికింది. సంక్రాంతికి పుట్టింటికి సంచి నిండా పట్టుకెళ్ళే రోజులు పోయాయి. ఇప్పుడు ఒక దొండకాయల పొట్లం, రెండు కట్టల గోంగూర. మా నాన్న అవి కూడా వీధికి చూపిస్తూనే ఉన్నారు. మే నెలలో అయితే మూడు మంచాల్లో ఒకటి ఖాళీగా వదిలేస్తాను. ఒకప్పుడు ఖాళీ నేల చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు దాని మీద ఆకులు కప్పి, జూన్ దాకా పడుకోనిస్తాను.

ఇక వదిన సంగతి. ఏడాది పాటు మా మధ్య మాటల్లేవు. కుళాయి దగ్గర నేను పది బిందెలూ పట్టుకుని మొదటే వచ్చేసేదాన్ని. తోటకూర కోసినప్పుడు ఒక కట్ట వాళ్ళ పిల్లాడి చేతికిచ్చి పంపేదాన్ని. కట్ట తీసుకునేవారు, మాట వచ్చేది కాదు. నేనూ క్షమాపణ అడగలేదు. నోరు రాలేదు. తరవాత కరోనా వేసవిలో, బజారు మూసేసి ఉన్నప్పుడు ఒక పొద్దున్న, గోడవతల నుంచి "వదినా" అని పిలుపు. వెళ్ళి చూస్తే గోడ మీద ఒక పాత రంగు డబ్బా, నిండా బియ్యం కడిగిన నీళ్ళు.

"మాకు మొక్కల్నేవు. తూములో పోసేబదులు నీ గోంగూరకి పోసుకో" అంది.

నేను డబ్బా అందుకున్నాను. "సాయంత్రం గోంగూర కోస్తాను, పప్పులోకి కావాలా పచ్చడికా?" అని అడిగాను. "పచ్చడికి" అంది. మా రాజీ అంతే. కుళాయి గొడవ అప్పుడూ మాట్లాడుకోలేదు, ఇప్పుడూ మాట్లాడుకోం. ఆ డబ్బా మాత్రం ఇప్పటికీ రోజూ పొద్దున్న ఎనిమిదింటికి గోడ మీదికి వస్తుంది. నాలుగు లీటర్లు. లెక్క ప్రకారం ఇంకో అర మంచం. అందులో వదినకి ఇష్టమని రెండు కాకరపాదులు పెట్టాను. మా ఇంట్లో కాకరకాయ ఎవరూ తినరు.

నిన్న రాత్రి చెల్లెలు మళ్ళీ ఫోన్ చేసింది. వారం అయింది కదా, లెక్క పెట్టిందట. "రోజుకి అయిదు బకెట్లు అక్కా! వాటర్ ఫిల్టర్ నుంచి పోయేదే ఒక బకెట్టు!" అని గగ్గోలు. ఆ ఫిల్టర్ వదిలేసే నీళ్ళలో ఉప్పు చిక్కబడి ఉంటుంది, అవి గచ్చు తుడవడానికి వాడు, మొక్కలకి వద్దు అన్నాను. మిగతా నాలుగింట్లో సబ్బు నీళ్ళెన్ని, తేట నీళ్ళెన్ని అని అడిగాను.

"అది రాసుకోలేదే" అంది.

"అయితే ఇంకో వారం" అన్నాను. ఈసారి కోపమా అని అడగలేదు. పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.